ముప్ఫై ఒక్కమంది అప్పగింత

ఆ గురువారం పొద్దున ఆరో వార్డు సిస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. క్లినిక్కుకి వచ్చిన రోగులందరినీ నవ్వుతూ ఇళ్ళకి పంపించెయ్యాలి, మధ్యాహ్నం రెండింటికి తానూ ఇంటికి వచ్చెయ్యాలి. వినడానికి ఇంతకన్నా తేలికైన పని లేదు. కాని ఇరవై రెండేళ్ళు పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసిన మనిషికి అది కొండని భుజానికి ఎత్తుకున్నంత పని.

ఆరో వార్డు వదిలి పన్నెండు రోజులైనా ఆ పేరు ఆమెని వదల్లేదు. ఆమె వార్డులోకి వస్తుంటే సెలైన్ సీసాలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చుక్కలు లెక్కగా వదిలేవట. గురక పెట్టే రోగి ఆమె చెప్పుల చప్పుడు వినపడగానే నిద్రలోనే ‘సారీ సిస్టర్’ అని పక్కకి తిరిగేవాడట. ఇందులో సగం అబద్ధమని కొట్టేసినా మిగిలిన సగం చాలు.

ఆమె భర్త ప్రెస్సులో పగలు పనిచేస్తాడు. ఆయన ఇంటికొచ్చే వేళకి ఈమె బయల్దేరేది. అలా ఆ మొగుడూ పెళ్ళాలు ఇరవై రెండేళ్ళూ గుమ్మంలోనే కాపురం చేశారు. ఇప్పుడు ఆమె కాళ్ళు సాయంత్రానికి దిండ్లలా ఉబ్బుతున్నాయి. పగటి పూట పనిచేసే క్లినిక్కులో ఉద్యోగం దొరికితే ఇద్దరూ ఒకే వేళకి దీపం ఆర్పుకుని నిద్రపోవచ్చు. అందుకే వచ్చింది. డాక్టరుగారు రెండు వారాలు చూసి చెబుతానన్నారు. ఆ రెండు వారాలూ శనివారంతో సరి. ఆయన వద్దంటే సోమవారం రాత్రి మళ్ళీ ఆరో వార్డే.

వార్డు నర్సుల్ని క్లినిక్ నర్సులుగా మార్చే పని అక్కడి చిన్నసిస్టరుది. వయసులో ఈమెకన్నా పదిహేనేళ్ళు చిన్న. ఇప్పటికి ముగ్గురిని మార్చింది. ఈ నాలుగో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లకి తల ప్రాణం తోకకి వచ్చింది. మొదటి రోజే ఆరో వార్డు సిస్టరు హాల్లో ఉన్న కుర్చీలన్నిటికీ బెడ్ నంబర్లు వేసేసింది. “పదో బెడ్, మందు వేసుకున్నావా?” అని గద్దిస్తే ఆ పదో బెడ్ గబగబా ఎవరిదో మాత్ర అడిగి మింగబోయాడు. తీరా అతను భార్యకి తోడుగా వచ్చినవాడు. రెండో రోజు ఒక పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టబోయింది.

“అక్కా, ఆయన్ని కూర్చోనివ్వండి. కూర్చోడానికే వచ్చారు,” అంది చిన్నసిస్టరు.

“ముఖం చూడు, ఎలా పాలిపోయిందో.”

“అది ఆయన మామూలు ముఖం అక్కా.”

అన్నిటికన్నా కష్టం, రోగి లేచి ‘వెళ్ళొస్తానమ్మా’ అనడం. ఆ మాట వింటే ఆమె గుండె జారి అరికాళ్ళలోకి వచ్చేది. ఎవరు పంపారు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరు తీసుకెళుతున్నారు? ఒకసారి ఉండబట్టలేక ఒక ముసలాయన వెంట బస్టాపు దాకా నడిచింది. ఆయన భయపడి ఆటో ఎక్కాడు. ఈమె కూడా ఎక్కింది.

చిన్నసిస్టరు కూర్చోబెట్టి పాఠం చెప్పింది. “వార్డులో రోగి మన చేతిలో ఉంటాడు అక్కా. ఇక్కడ ఆయన చేతిలో ఆయనే ఉంటాడు. చీటీ ఇచ్చామా, జాగ్రత్తలు చెప్పామా, వదిలేశామా. అంతే.”

“మరి రాత్రికి ఎవరు చూస్తారు?”

“వాళ్ళావిడ చూస్తుంది.”

“ఆవిడకి ఛార్జి ఎవరిచ్చారు?”

బుధవారం డాక్టరుగారే పిలిచి మెత్తగా చెప్పారు. “మీరు చాలా మంచివారు సిస్టర్. కాని మీరొచ్చాక నా పేషెంట్లకి తమకి ఏదో జబ్బుందన్న అనుమానం వస్తోంది. శనివారం దాకా చూస్తాను.”

అందుకే గురువారం ఆ పథకం. పథకం బ్రహ్మాండంగా నడిచింది కూడా. ముప్ఫై ఒక్కమంది వచ్చారు, ముప్ఫై ఒక్కమందినీ నవ్వుతూ పంపింది. దవడలు నొప్పి పుట్టాయిగాని ఒక్కరి వెంటా గుమ్మం దాటలేదు. పన్నెండింటికి చిన్నసిస్టరు వాళ్ళమ్మకి కళ్ళజోడు వేయించాలని సెలవు పెట్టి వెళ్ళింది. ఒకటిన్నరకి డాక్టరుగారు రోజూలాగే పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. రెండింటికి సిస్టరు సంచీ భుజాన వేసుకుంది. వేసుకుంది గాని కాళ్ళు కదల్లేదు.

ఇరవై రెండేళ్ళలో ఆమె ఏ పొద్దునా ఛార్జి ఇవ్వకుండా వార్డు దాటలేదు. వచ్చే సిస్టరుతో కలిసి ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి, ఇతనికి ఇది, అతనికి అది అని చెప్పి, పుస్తకంలో ఇద్దరూ సంతకాలు పెట్టాకే ఆమె ఒంట్లోంచి డ్యూటీ దిగేది. ఇక్కడ చెప్పడానికి ముప్ఫై ఒక్కమంది ఉన్నారు, వినడానికి ఖాళీ కుర్చీలున్నాయి.

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ వచ్చాడు. మధ్యాహ్నం రెండు నుంచి మర్నాడు పొద్దున ఎనిమిది దాకా అతని డ్యూటీ. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఒక గోడౌన్‌కి కాపలా కాశాడు. పుస్తకంలో ఉన్నది గోడౌన్‌లో ఉండాలి, గోడౌన్‌లో ఉన్నది పుస్తకంలో ఉండాలి. ఇదీ అతనికి తెలిసిన శాస్త్రం.

“ఏమైనా అప్పగించేది ఉందామ్మా?” అన్నాడు. అతను అడిగింది తాళంచెవులు.

ఎండలో నడిచొచ్చిన మనిషికి చల్లని నీళ్ళు అందినట్టయింది సిస్టరుకి. “కూర్చో బాబాయ్,” అని రిజిస్టరు తెరిచింది. “మొత్తం ముప్ఫై ఒక్కమంది.”

వాచ్‌మన్ కొంచెం ఆశ్చర్యపోయాడు గాని, అప్పగిస్తానంటే తీసుకోకపోవడం అతని ఒంట్లో లేదు. జేబులోంచి పుస్తకం తీశాడు. “ముప్ఫై ఒకటి. చెప్పండి.”

“ఒకటి, టైలరు. కుడి బొటనవేలు తెగింది. కట్టు కట్టాం. తడవకూడదు.”

“తడవకూడదు,” రాసుకున్నాడు. “సిమెంటు లాగా.”

“రెండు, బస్సు డ్రైవరు. నడుం పట్టేసింది. బరువు పడకూడదు.”

“మీద బరువు పెట్టకూడదు. దొర్లించొచ్చా?”

“మెల్లగా తిప్పొచ్చు. మూడు, రిటైరైన లెక్కల మాస్టారు. దగ్గు. చలిగాలి తగలనివ్వొద్దు.”

అలా ముప్ఫై ఒకటీ అయ్యాయి. చివర్లో నోరు అలవాటు కొద్దీ దానంతటదే అనేసింది: “నాలుగు గంటలకోసారి అందరినీ చూస్తూ ఉండు. ఫోన్ నంబర్లు రిజిస్టర్లో ఉన్నాయి.” ఇద్దరూ సంతకాలు పెట్టారు. సిస్టరు దూదిపింజలా తేలుతూ ఇంటికి పోయి, ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనంత హాయిగా పడుకుంది.

ఇక్కడ వాచ్‌మన్ సరుకు సరిచూసుకోవడానికి లేచాడు. హాలు చూశాడు, ఖాళీ. కట్టు కట్టే గది చూశాడు, ఖాళీ. డాక్టరుగారి గదిలో బల్ల పక్కనున్న తెర తీశాడు, కుర్చీల కింద వంగి చూశాడు, మందుల బీరువా కూడా తెరిచాడు. పుస్తకంలో ముప్ఫై ఒకటి, లోపల సున్న. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో గోనెసంచి ముక్క పోగొట్టని మనిషి, డ్యూటీ ఎక్కిన పావుగంటలో ముప్ఫై ఒక్క ప్రాణాల్ని పోగొట్టాడు. అతనికి ముచ్చెమటలు పోశాయి. రిజిస్టరు తెరిచి ఫోను అందుకున్నాడు.

మొదట దొరికినవాడు బస్సు డ్రైవరు. స్టాపులో బస్సు ఆపుకుని ఉన్నాడు.

“క్లినిక్ నుంచి మాట్లాడుతున్నాను. మీరెక్కడున్నారు?”

“బస్సులో ఉన్నానండి.”

“మిమ్మల్ని ఎవరు బయటికి వదిలారు?”

“డాక్టరుగారే పనికి వెళ్ళొచ్చన్నారు.”

“నా పుస్తకంలో అలా లేదు. మీమీద బరువు పెట్టకూడదని ఉంది. ఇప్పుడు ఎంతమంది ఉన్నారు మీ బస్సులో?”

“యాభై ఇద్దరండి.”

“దింపెయ్యండి. మీరు కదలొద్దు.”

డ్రైవరు కదల్లేదు. డ్రైవరు కదలకపోతే బస్సు కదల్లేదు. దాని వెనక బస్సులు వరసకట్టి నిలబడ్డాయి. ఆ వరస చివర ఎక్కడుందో చూసొస్తానని వెళ్ళిన కండక్టరు చీకటిపడ్డాక గాని తిరిగి రాలేదని చెబుతారు.

మాస్టారింట్లో కోడలు ఫోనెత్తింది.

“మాస్టారు ఉన్నారా?”

“ఉన్నారండి.”

“అలా కాదమ్మా. వెళ్ళి కళ్ళతో చూసి చెప్పు.”

కోడలు వెళ్ళి చూసి వచ్చింది. “ఉన్నారండి. పేపరు చదువుతున్నారు.”

“మంచిది. కిటికీలు మూసెయ్యి. ఆరింటికి మళ్ళీ చేస్తాను. అప్పటికీ ఉండాలి.”

ఆ ‘అప్పటికీ ఉండాలి’ అన్న మాటకి కోడలి చేతిలో ఫోను కిందపడింది. అరగంటలో బంధువులు దిగారు. గోడ తగాదాతో ఎనిమిదేళ్ళుగా మాటల్లేని తమ్ముడు కూడా వచ్చి, “అన్నయ్యా, ఆ గోడ నువ్వే ఉంచుకో,” అని భోరుమన్నాడు. మాస్టారు పేపరు దించి, “ఆ మాట ఒక కాగితం మీద రాసివ్వరా,” అన్నారు. ఆయన ఆరోగ్యానికి ఏ లోటూ లేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు గాని, ఆ కన్నీళ్ళలో ఎవరూ గమనించలేదు.

టైలరు షాపులో ఇంకో రకం గొడవ. క్లినిక్కు వాళ్ళు గంటగంటకీ ఫోను చేస్తున్నారన్న కబురు వీధంతా పాకింది. పాపం మనిషి ఎంతకాలం ఉంటాడో అని ఖాతాదార్లు ఎవరి గుడ్డలు వాళ్ళు పట్టుకుపోవడం మొదలుపెట్టారు. ఒకాయన ఒక కాలు మాత్రమే కుట్టిన ప్యాంటు తొడుక్కునే వెళ్ళిపోయాడట. రెండో కాలు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆరింటికి వాచ్‌మన్ రెండో విడత ఫోన్లు చేశాడు. ఈసారి చివర ఒక ముక్క కలిపాడు: “రేపు పొద్దున ఎనిమిదింటికల్లా అందరూ క్లినిక్కులో కనపడాలి. సిస్టరమ్మకి మిమ్మల్ని తిరిగి అప్పజెప్పాలి. ఒక్కరు తగ్గినా నేను ఒప్పుకోను.”

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి సిస్టరు వీధి మలుపు తిరిగేసరికి క్లినిక్కు కనపడలేదు. జనం కనపడ్డారు. రోగికి ఇంటెడు మంది. మాస్టారికి రెండు ఇళ్ళ మంది. డ్రైవరు తరఫున ఒక బస్సు నిండా వచ్చారు, ఆ బస్సు కూడా గుమ్మానికి అడ్డంగా ఆగి ఉంది. ఇరవై కుర్చీల హాల్లో నూటయాభై మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం పట్టుకుని, వచ్చినవాళ్ళని వేలితో తాకి టిక్కులు పెడుతున్నాడు.

“ముప్ఫై ఒకటీ సరిపోయాయమ్మా,” అన్నాడు, కళ్ళ కింద గుంటలతో. “ఇక్కడ సంతకం పెట్టండి. నేను ఇంటికి పోయి పడుకుంటాను.”

సిస్టరు పుస్తకం చూసింది, జనాన్ని చూసింది. జరిగింది అంతా ఆమెకి ఒక్క క్షణంలో అర్థమైంది. సంతకం పెట్టింది. అప్పజెప్పినప్పుడు తీసుకోవడం మర్యాద.

డాక్టరుగారు పక్క తలుపులోంచి వచ్చారు గాని జనం అక్కడా ఉన్నారు. చిన్నసిస్టరు మోచేతులతో దారి చేస్తూ ఆయన్ని లోపలికి లాగింది.

“నిజం చెప్పండి డాక్టరుగారూ,” టైలరు భార్య చేతులు పట్టుకుంది. “ఆయనకి ఎన్నాళ్ళు?”

“ఎన్నాళ్ళేమిటమ్మా, నాలుగు రోజుల్లో కట్టు విప్పేస్తాం. అది బొటనవేలు.”

“బొటనవేలికి రెండుసార్లు ఫోన్లు చేస్తారా? మేం అంత తెలివితక్కువ వాళ్ళలా కనపడుతున్నామా?”

మాస్టారి తమ్ముడు వెనక నుంచి, “దాచకండి సార్, గోడ కూడా వదిలేసుకున్నాను,” అన్నాడు. ఎవరి గోడో, ఏ గోడో డాక్టరుగారికి తెలియదు. ఆయన ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత ఊదారంగుకి తిరిగింది. తూలి బల్ల అంచు పట్టుకున్నారు.

అంతే, ఆరో వార్డు సిస్టరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఒక చేత్తో ఆయన నాడి పట్టుకుంది, రెండో చేత్తో పట్టీ చుట్టి గాలి కొట్టింది. నూట ఎనభై దాటింది బీపీ. మరుక్షణం డాక్టరుగారు తన బల్ల మీద తానే పడుకుని ఉన్నారు, బూట్లు కింద ఉన్నాయి, చుట్టూ తెర పడింది.

“సిస్టర్, మీరు చేసిన పనికి,” ఆయన తల ఎత్తబోయారు. “మిమ్మల్ని వార్డుకి వెనక్కి పంపుతూ బుధవారమే ఉత్తరం రాసి పెట్టుకున్నాను. నా జేబులోనే ఉంది.”

“ఉండనివ్వండి. మాట్లాడకండి, రీడింగు పెరుగుతుంది. మీరు వేసుకోవలసిన మాత్ర ఏదో వేలితో చూపించండి.”

ఆయన చూపించారు. ఆమె వేసింది. “నేను చెప్పేదాకా లేవకూడదు,” అంది. పదిహేనేళ్ళుగా ఆ బల్ల మీద జనాన్ని పడుకోబెడుతున్నా, దాని మీద నుంచి చూస్తే పైకప్పు అంత దగ్గరగా ఉంటుందని డాక్టరుగారికి అప్పుడే తెలిసింది.

తెర ఇవతల చిన్నసిస్టరు నీరుగారిపోయి ఉంది. “అక్కా, వీళ్ళందరినీ ఇళ్ళకి పంపాలి. మీకు రానిది అదొక్కటే. ఇప్పుడు ఎలా?”

సిస్టరు హాల్లోకి చూసింది. నిజమే, రోగిని పంపడం తనకి చేతకాదు. ముప్ఫై ఒక్కమందిలో ఎవరి ముఖం చూసినా, ఇంకో రోజు ఉంచితే బాగుండుననే అనిపిస్తోంది. కాని మిగిలిన నూట ఇరవై మంది? వాళ్ళు రోగులు కారే. చేతిసంచులు, గొడుగులు, చంకన పిల్లలు, మూలనించి మూలకి కబుర్లు. వీళ్ళని తను ఎరుగును. వీళ్ళు చుట్టాలు. ఇరవై రెండేళ్ళూ డ్యూటీ ఎక్కగానే ఆమె చేసిన మొదటి పని చుట్టాల్ని వార్డులోంచి ఊడ్చెయ్యడం.

ఆమె రెండు చప్పట్లు కొట్టింది. అరవలేదు. ఆ గొంతుకి అరుపు అవసరం లేదు.

“చూసింది చాలు. రోగి తరఫు వాళ్ళంతా బయటికి నడవండి. ఏమండీ గోడ బాబుగారూ, మీరు ముందు. అమ్మా, ఆ పిల్లాడు రెండుసార్లు తుమ్మాడు, వాణ్ణి ఇక్కడ ఎందుకు ఉంచావ్? బస్సు వాళ్ళు ఎక్కినట్టే దిగండి, వరసలో. తోసుకోవద్దు. ఇంకెవరు అక్కడ స్తంభం వెనక?”

స్తంభం వెనక నక్కినవాడు కూడా తల వంచుకుని బయటికి వచ్చాడు. ఎదురు చెప్పాలని నోరు తెరిచినవాళ్ళు నోరు మూసుకునే లోపల గేటు దగ్గర ఉన్నారు. చుట్టాలు అలా పోతుంటే రోగులు ఏం చేస్తారు? టైలరు భార్య వెంట టైలరు, కోడలి వెంట మాస్టారు, ప్రయాణికుల వెంట డ్రైవరు, ఎవరికి వారు లేచి వాళ్ళ వాళ్ళ వెనకాల నడిచారు. తొమ్మిదింబావుకి హాలు ఖాళీ. సిస్టరు ఒక్క రోగిని కూడా పంపలేదు. ఒక్క రోగీ మిగల్లేదు.

చిన్నసిస్టరు కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. “ఇదేంటక్కా ఇది? నేను పన్నెండు రోజులు పాఠం చెప్పాను.”

“నువ్వు రోగుల గురించే చెప్పావమ్మాయ్. చుట్టాల గురించి చెప్పలేదుగా.”

తెర వెనక నుంచి ఏదో కాగితం చిరిగిన చప్పుడు వినపడింది. సిస్టరు వెళ్ళి చూస్తే డాక్టరుగారి గుండెల మీద ఉత్తరం నాలుగు ముక్కలుగా ఉంది.

“ఇన్నేళ్ళలో ఈ హాలు ఇంత త్వరగా ఖాళీ కావడం నేనెప్పుడూ వినలేదు సిస్టర్,” అన్నారు, పైకప్పుకేసి చూస్తూ. “సోమవారం నుంచి మీరు ఇక్కడే. లేవొచ్చా?”

రీడింగు చూసింది. “దిగుతోంది. ఇంకా కాదు.”

మిగిలిన పొద్దంతా వచ్చిన నలుగురైదుగురికీ సిస్టర్లిద్దరే కట్లు కట్టి, డాక్టరు అవసరం ఉన్నవాళ్ళని రేపు రమ్మన్నారు. పన్నెండు దాటాక డాక్టరుగారి వైపు నుంచి సన్నగా గురక వినపడింది. అప్పుడు కొంచెం తెర సర్ది వచ్చింది సిస్టరు. ఆ తర్వాత జనం తొక్కిన హాలు కడిగించారు, కుర్చీలు సర్దారు, బెడ్ నంబర్లు గీకేశారు. గీకేస్తూ ఇద్దరూ ఏవో కబుర్లలో పడ్డారు. ఒకటిన్నర దాటితే డాక్టరుగారు పక్క తలుపులోంచి వెళ్ళిపోయి ఉంటారన్నది ఆ క్లినిక్కులో ఎవరూ ఆలోచించి చూసుకునే విషయం కాదు.

రెండింటికి వాచ్‌మన్ వచ్చాడు. నిద్ర చాలక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంచెం బెదురుగా అడిగాడు: “ఏమైనా అప్పగించేది ఉందామ్మా?”

సిస్టరు తాళంచెవుల గుత్తి అతని చేతిలో పెట్టింది. “ఇవే బాబాయ్. అందరూ వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నారు. నీకు అప్పజెప్పడానికి ఎవరూ లేరు.” అని, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటింది. చిన్నసిస్టరుకి కళ్ళు చెమర్చాయి. నాలుగో నర్సు కూడా మారింది.

మూడింటికి తెర వెనక అలికిడైంది. డాక్టరుగారు లేచి కూర్చోబోయి, సిస్టరు మాట గుర్తొచ్చి మళ్ళీ పడుకున్నారు. “ఎవరున్నారక్కడ?” అన్నారు.

వాచ్‌మన్ తెర తీశాడు. తీసి, కొయ్యబారి నిలబడిపోయాడు.

“సిస్టర్ ఏరీ?”

“ఇంటికెళ్ళిపోయారండి.”

“మరి నేను లేవొచ్చని చెప్పారా?”

వాచ్‌మన్ జేబులోంచి పుస్తకం తీసి ఆ రోజు పేజీ చూశాడు, తిరగేసి వెనక పేజీ చూశాడు. “మీరు లెక్కలో లేరండి,” అన్నాడు నీరసంగా.

“నేనెవరో తెలుసా నీకు?”

“నాకు తెలుసండి. పుస్తకానికి తెలియదు. తక్కువొస్తే ఫోన్లు చేసుకుంటాను. ఎక్కువొస్తే మాత్రం గోడౌన్‌లో ఒకటే పద్ధతి. ఉన్నది ఉన్నచోట ఉంచి, గదికి తాళం వేసి, పై అధికారి వచ్చేదాకా కూర్చోవాలి.”

అతను తాళం వేసి, బయట కుర్చీ వేసుకుని, పై అధికారి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆ క్లినిక్కుకి పై అధికారి డాక్టరుగారు ఒక్కరే.